ఏడు సెంటీమీటర్లు

ఏడు సెంటీమీటర్లు పోయాయి. ఒకేసారి కాదు. నెల రోజుల్లో రెండేసి, మూడేసి చొప్పున, జేబులోంచి ఎవరో లాఘవంగా లాగేసినట్టు పోయాయి.

స్కూలు మైదానం చివర, నీళ్ల ట్యాంకు గోడ మీద సారిక మళ్లీ టేపు పెట్టి కొలిచింది. ప్రణాలి నిలబడి చెయ్యి పైకెత్తితే అందే చోట ఒక సుద్ద గీత. ఎగిరి వేలి కొసతో తాకిన చోట ఇంకో గీత. మధ్య దూరం జూలై మొదటి రెండు బుధవారాలూ నలభై ఒకటి. ఆ తర్వాత ముప్ఫై తొమ్మిది. ఆ తర్వాత ముప్ఫై ఏడు. ఇవాళ ముప్ఫై నాలుగు.

"ఇంకోసారి," అంది సారిక.

ప్రణాలి ఎగిరింది. ముప్ఫై మూడున్నర.

సారిక టేపు చుట్టేసింది. చుట్టేటప్పుడు అంచు వేలికి కోసుకుంది. దాని మీదా కోపం వచ్చింది.

ప్రణాలికి పద్నాలుగేళ్లు. హ్యాండ్‌బాల్ గోల్‌కీపర్. మూడు మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల ఎత్తు ఉన్న గోలు ముందు ఒక్కతే నిలబడాలి. ఆరేడు మీటర్ల దూరం నుంచి చేత్తో విసిరిన బంతి వస్తుంది. ఆలోచించే వ్యవధి ఉండదు. బంతి చెయ్యి వదిలేలోపే చీలమండ, మోకాలు, తొడ కలిసి స్ప్రింగులా విచ్చుకోవాలి. ఆ స్ప్రింగు కోసమే సారిక ఈ పిల్లకు దూకుడు సాధన పెట్టింది. పిక్క సగం ఎత్తు ఉండే అడ్డుకర్రల మీంచి దూకడం, పక్కకు గెంతడం, నేల తాకీ తాకగానే మళ్లీ లేవడం. కాలే పెనం మీద పాదం పెట్టినట్టు ఉండాలి, అంతే. బుధవారం అరవై దూకులు, శనివారం అరవై. మిగిలిన అయిదు రోజులు కాళ్ల జోలికి పోకూడదు.

ఈ లెక్క సారిక పుస్తకంలో చదివి పెట్టింది మాత్రమే కాదు. పందొమ్మిదేళ్ల వయసులో ఆమె కూడా గోల్‌కీపరే. అప్పటి కోచ్ స్టాండ్ మెట్ల మీంచి రోజూ వందలసార్లు దూకించాడు. ఇరవయ్యో ఏట ఆమె కుడి మోకాలికి ఆపరేషన్ జరిగింది. ఇరవై ఒకటో ఏట ఆట ఆగిపోయింది.

పై ఆదివారం కాక ఆ పై ఆదివారం ఊళ్లోనే, కొన్ని జిల్లాలు కలిసిన విభాగం జట్టుకి ఎంపిక. ఇద్దరు గోల్‌కీపర్లను తీసుకుంటారు. పొడుగాటి పిల్ల ఒకతె ఉంది, ఒక చోటు ఆమెదే అని అందరికీ తెలుసు. రెండోది ఖాళీ. ఈ ఏడు దొరక్కపోతే ప్రణాలికి వయసు దాటిపోతుంది. ఈ జట్టులో ఆడే అవకాశం ఇక రాదు.

దొంగ ఎవరు?

సారిక అనుమానితుల్ని ఒక్కొక్కరినీ పిలిచి విచారించినట్టు ఆలోచించింది. తిండా? రోజూ జొన్నరొట్టె, పప్పు, రెండు గుడ్లు తింటున్నానంది పిల్ల. జ్వరమా? లేదు. ఫోనా? ఇంట్లో ఉన్నది ఒక్కటే ఫోను, అది తండ్రి టవళ్ల కార్ఖానాకు పట్టుకుపోతాడు. తల్లితో కూచుని బీడీలు చుట్టడమా? గంటల తరబడి మఠం వేసుకుని కూచుంటే కాళ్లు పట్టేస్తాయి. అదీ కాదు. పరీక్షలయ్యే దాకా చాట ముట్టనివ్వడం లేదట తల్లి.

"ఇంట్ల ఏమన్న చేస్తున్నవా?" అని నాలుగోసారి అడిగింది.

"ఏం లేదు మేడం," అంది ప్రణాలి, నాలుగోసారి.

ఆ మాట నేల చూస్తూ అంది. తర్వాత మైదానం మెట్లు దిగింది. ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ పెట్టి, పక్కకు తిరిగి, ముసలివాళ్లు దిగినట్టు దిగింది. ఆపరేషన్‌కి ముందు సారిక దిగింది కూడా అలాగే.

మర్నాడు గురువారం. పొద్దున్న ఆరున్నరకి ఆమె స్కూటీ నీలం నగర్‌లో ఇంటి నుంచి బయల్దేరి కొంతం చౌక్ వెనక, ప్రణాలి వాళ్ల సందులో ఆగింది. చెప్పకుండా వచ్చింది. మరాఠీ ఊళ్లో తెలుగు నేతవాళ్లుండే ఆ సందులో మరమగ్గాలు అప్పుడే మొదలయ్యాయి. ఆ టకటకలు చిన్నప్పటి నుంచి విన్నవే కాబట్టి ఆమె చెవులు పట్టించుకోలేదు. పట్టించుకున్నది వేరే చప్పుడుని. ప్రణాలి వాళ్ల ఇంట్లోంచి వస్తోంది. దబ్. ఒక క్షణం విరామం. దబ్. మగ్గానికి అంత విరామం ఉండదు.

దాంతోపాటు ఒక ముసలి గొంతు. "నూట పద్దెనిమిది. నూట పంతొమ్మిది. మోకాలెత్తే, మోకాలు."

సారిక తలుపు తోసింది.

నడిమింట్లో గుంట ఉంది. పాత మగ్గం గుంట. మగ్గం ఎప్పుడో తీసేశారు. నేసేవాడు అంచున కూచుని కాళ్లు లోపలికి దించి తొక్కడానికి తవ్వుకున్న గుంట అది, తొడలోతు. ఇన్నాళ్లూ చెక్కలు కప్పి పైన చాపలు పరిచి ఉండేదట. ఇప్పుడు చెక్కలు గోడకు ఆనించి ఉన్నాయి. ప్రణాలి గుంట అడుగు నుంచి ఎగిరి నాపరాతి గచ్చు మీదికొచ్చింది. వెనక్కి తిరిగి గుంటలోకి దూకింది. దబ్. మళ్లీ ఎగిరింది. మొహం చెమటతో తడిసిపోయింది. పక్కనే పీట మీద తాత పెంటప్ప. ఆయన ముందు రెండు గిన్నెలు. దూకు దూకుకీ ఒక చింతగింజ ఈ గిన్నెలోంచి ఆ గిన్నెలోకి పడుతోంది.

ప్రణాలి సారికను చూసి గుంటలోనే ఆగిపోయింది.

పెంటప్ప మాత్రం ఆనందంగా లేచాడు. దాచిన సరుకు పండగనాడు చూపించబోతే ముందే పట్టుబడ్డ దుకాణదారులా నవ్వాడు. ఎంపికలో మేడం ఆశ్చర్యపోవాలని చెప్పలేదట. పిల్లను చెప్పొద్దన్నది కూడా తనేనట. యాభై ఏళ్లు ఆ గుంటలో కాళ్లు పెట్టి నేసినవాడు ఆయన. కాళ్ల సంగతి ఆయనకు ఒకరు చెప్పాలా?

"మీరు వారానికి రెండు దినాలే చేపిస్తిరి బిడ్డా. తక్కిన అయిదు దినాలు నాగానే గద," అన్నాడు. "మేం ఒక్క దినం నాగా పెడితే మల్లనాడు తొక్కేటప్పుడు కాలు తప్పేది. పోరి అయిదు దినాలు ఊకె కూసుంటే కాళ్లేం కావాలె?"

"ఎన్ని దినాల సంది తాతా?"

"నెల కావస్తున్నది."

"దినానికి ఎన్ని?"

"మొదలు నూరు పెట్టిన. తక్కువైందని మీరన్నరంట, పోరి ఏడ్చుకుంట వచ్చింది. నూటయాభై చేసినం. మల్ల తక్కువైందన్నరు. రెండొందలు చేసినం."

"ఇప్పుడు?"

"రెండొందల యాభై," అన్నాడు పెంటప్ప గర్వంగా. "ఇగ ఎట్ల పెరగదో చూస్త."

సారిక మంచం మీద కూలబడింది.

నెల రోజులుగా వెతుకుతున్న దొంగ దొరికాడు. కానీ ఒక్కడు కాదు. ప్రతి బుధవారం గోడ దగ్గర టేపు పట్టుకుని మొహం చిట్లించింది తను. తను చిట్లించినప్పుడల్లా ఇక్కడ యాభై గింజలు పెరిగాయి. గింజలు పెరిగినప్పుడల్లా అక్కడ రెండు సెంటీమీటర్లు తగ్గాయి. ఇద్దరూ చెరో చివర పట్టుకుని పిల్లను బట్టలా పిండారు.

ఆమె ప్రణాలిని గుంటలోంచి చెయ్యిచ్చి పైకి లాగింది. మోకాలి చిప్ప కింద వేలితో నొక్కింది. పిల్ల పళ్లు బిగించింది. రెండో మోకాలు. మళ్లీ అదే.

అప్పుడు సారిక చెప్పడం మొదలుపెట్టింది. అంత ఎత్తు నుంచి రాతి మీద దిగితే ఒంటి బరువుకి ఎన్నో రెట్లు మోకాలి మీద పడుతుందని, ఎదిగే ఎముకలని, నరం అరిగి మంట పుడుతోందని, అలిసిన కాలు నేల మీద ఎక్కువసేపు ఆగుతుందని, ఆగడం అలవాటైతే గోల్‌కీపర్‌గా పనికిరాదని. పెంటప్ప మర్యాదగా విన్నాడు. ఒక్క ముక్కా నమ్మలేదని ఆయన కళ్లే చెబుతున్నాయి.

"బలం దూకినప్పుడు రాదు తాతా," అంది చివరికి. "దూకినంక ఇచ్చే ఆరాంల వస్తది."

"ఆరాంల బలమొస్తే, మన గల్లీల కట్ట మీద కూసున్నోళ్లంత పహిల్వాన్లు కావాలె గద," అన్నాడు పెంటప్ప.

గుమ్మం పక్క నుంచి నవ్వు వినబడింది. ప్రణాలి తల్లి ద్రౌపది ఒళ్లో చాట పెట్టుకుని అక్కడ బీడీలు చుడుతోంది. ఇంతసేపూ మాట్లాడలేదు. ఇప్పుడూ చేతులు ఆపలేదు. నవ్వింది మామగారి మాటకే. కానీ తర్వాత అడిగిన ప్రశ్న కూడా ఆయన్నే.

"మామా, ఆకు నానేసినంక నేనేం చేస్త?"

పెంటప్ప చింతగింజల గిన్నె దగ్గరికి లాక్కున్నాడు.

"తడిగుడ్డల కట్టి పెడ్త. తెల్లారేదాక ముట్ట. నానేసిన ఎంబడే కత్తెర పెడితే పెటపెట ఇరుగుతది. గా రాత్రంత ఆకు నాగా పెట్టినట్టా, పని చేసినట్టా?"

"ఆకు వేరు, కాలు వేరు," అన్నాడు పెంటప్ప.

"వేరే. ఆకు ఇరిగితే ఇంకో ఆకు తీసుకుంట." ఆమె చుట్టిన బీడీ మూతి గోటితో మడిచి చాటలో పడేసింది. "పది దినాలు. చెక్కలు ఎక్కడియి అక్కడ పెట్టున్రి."

ఆ ఇంట్లో చివరి మాట ఎవరిదో సారికకు అర్థమైంది. కొంచెం ఊపిరి పీల్చుకుంది. అది ఎక్కువసేపు నిలవలేదు.

"మీరు గూడ మేడం," అంది ద్రౌపది తలెత్తకుండా. "తక్కువైంది, తక్కువైంది అంటిరి. ఎందుకైతున్నదని ఒక్కనాడన్న మా ఇంటికొచ్చి అడిగిన్రా? నెలకు వచ్చిన్రు."

సారిక లేచి, గోడకు ఆనించిన చెక్క ఒకటి ఎత్తి గుంట మీద పెట్టింది.

ఆ పది రోజులూ ఎవరికీ సుఖం లేదు. ప్రణాలి దూకలేదు. దూకకపోవడం ఆమెకు దూకడం కన్నా కష్టమైంది. మైదానంలో తోటి పిల్లలు గెంతుతుంటే గోలు దగ్గర నిలబడి, చేతులతో బంతులు ఆపడం, పక్కకు మెల్లగా అడుగులు వేయడం మాత్రమే చేసింది. పెంటప్ప రోజూ సాయంత్రం గేటు బయట నిలబడి చూసేవాడు. రోజులు లెక్కపెట్టేవాడు. వేరే గోల్‌కీపర్ కోసం మేడం తన మనవరాలిని కావాలనే వెనక్కి లాగుతోందని సందులో ఎవరితోనో అన్నాడట. ఆ మాట చుట్టూ తిరిగి నీలం నగర్‌లో సారిక ఇంటికే చేరింది. నమ్మకపోతే పోనీ, ఇదెక్కడి గొడవ అని ఆమె పళ్లు కొరుక్కుంది.

బుధవారం కొలిచింది. మూడు ఎగుర్లు మాత్రమే. ముప్ఫై ఏడు.

పెరిగింది. మూడు సెంటీమీటర్లు వెనక్కి వచ్చాయి. ఆమెకి అరవాలనిపించింది. ప్రణాలి మాత్రం ఏడ్చింది. నలభై ఒకటి రాలేదని. పెంటప్పకు చెబితే, "సుట్టీ ఇచ్చి మూడు తెచ్చిన్రు. నేనైతే పది తెచ్చేటోన్ని," అన్నాడు.

ఆదివారం వచ్చింది.

ఎంపిక అధికారి పేరు విశాల్ సర్. తెల్ల టోపీ, మెడలో విజిల్, చేతిలో అట్ట. కోచ్‌లూ, ఇళ్లవాళ్లూ తాడు బయటే ఉండాలన్నాడు. ఎవరైనా నోరు తెరిస్తే వాళ్ల పిల్ల పేరు కొట్టేస్తానన్నాడు. సరదాకి అన్నట్టు లేదు. సారిక తాడు పట్టుకుని నిలబడింది. పక్కన పెంటప్ప, ఉతికిన ధోవతి, తల మీద తెల్ల టోపీ. ద్రౌపది రాలేదు. చూడలేనంది.

ఎగురుడు పరీక్ష మొదట. ప్రణాలి ముప్ఫై తొమ్మిది. పొడుగాటి పిల్ల నలభై నాలుగు. ఆ చోటు అయిపోయింది. ఇంకో జిల్లా నుంచి వచ్చిన నమ్రత అనే పిల్ల కూడా ముప్ఫై తొమ్మిదే.

తర్వాత ఏడు మీటర్ల నుంచి పది బంతులు. ప్రణాలి నాలుగు ఆపింది. నాలుగోది ఎడమ కాలితో ఆపింది, కాలు నడుమెత్తుకి లేచింది, పక్కనున్న కోచ్‌లు కూడా తల తిప్పి చూశారు. నమ్రత నాలుగే ఆపింది.

సమానం.

విశాల్ సర్ అట్ట వంక చూశాడు. ఇంకో పది బంతులు వేయిస్తే సరిపోయేది. బహుశా ఎండెక్కుతోంది, ఆయనకి తొందరగా ఉంది. మైదానం అంచున ఉన్న సిమెంటు అరుగు చూపించాడు. నడుమెత్తు ఉంది. దాని మీంచి కిందికి దూకాలి, దిగీ దిగగానే ఎగిరి, పక్కనున్న గోలు మీద జానెడు ఎత్తున కట్టిన కర్రని చేత్తో తాకాలి. ఇరవైసార్లు. ఎవరు ఆగకుండా పూర్తి చేస్తే వాళ్లు.

సారిక లెక్క కట్టింది: పది రోజుల విశ్రాంతి ఇరవై దూకుల్లో పోతుంది.

పెంటప్ప మొహం వెలిగిపోయింది. "ఇది మా పోరి దినాం చేసిందే," అని గొణిగాడు. ఆ తర్వాత సారిక వైపు తిరిగి కనుబొమలు ఎగరేశాడు. గెలిచినవాడి కనుబొమలు.

ముందు నమ్రత. ఇరవై పూర్తి చేసింది. ఎనిమిది దాటాక ఆమె చెయ్యి కర్రకి తగల్లేదు. పదిహేను దాటాక ఎగరడం లేదు, దిగడమే. చివర్లో రెండు మోకాళ్లూ లోపలికి కొట్టుకుంటున్నాయి. విశాల్ సర్ అట్ట మీద గీతలు గీస్తూనే ఉన్నాడు. ఇరవై.

ప్రణాలి అరుగెక్కింది.

ఒకటి. దిగింది, ఎగిరింది, కర్ర మోగింది. రెండు. మూడు. అంత నిఖార్సుగా ఆ పిల్ల దిగడం సారిక ఎప్పుడూ చూడలేదు. పాదం నేల మీద ఆగలేదు. ఆరు. ఏడు. ఎనిమిదోసారి కర్ర ఇంకా గట్టిగా మోగింది. తొమ్మిదోసారి దిగినప్పుడు కుడి మోకాలు కొంచెం, వేలెడంత, లోపలికి వాలింది.

తాడు బయట నలభై మంది ఉన్నారు. అది చూసింది సారిక ఒక్కతే. ఆ వాలు ఎక్కడికి పోతుందో ఆమె మోకాలికి తెలుసు. అరవాలి. ఆగమని అరవాలి. నోరు తెరిచింది. అట్ట కనబడింది. నోరు మూసింది.

పదో దూకు కోసం ప్రణాలి అరుగెక్కి నిలబడింది. ఒకసారి తన కాళ్ల వంక చూసుకుంది. చెయ్యెత్తింది.

"బస్, సర్," అంది మరాఠీలో. మోకాలు నొస్తోందని, ఇంక దూకనని చెప్పింది. ఆ అరుగు మీంచి దూకకుండా, పక్కనున్న మెట్ల మీంచి దిగింది.

విశాల్ సర్ రెండుసార్లు అడిగాడు, ఖాయమేనా అని. ఖాయమేనంది. ఆయన రాసుకున్నాడు. అరగంటలో జాబితా చదివారు. రెండో గోల్‌కీపర్ నమ్రత. ప్రణాలి పేరు అదనపు వరసలో. అంటే ఎవరైనా మంచాన పడితే తప్ప పిలుపు రాదు.

సారిక గేటు దగ్గర గోడకి ఆనుకుంది. అన్నిటికన్నా మంటగా ఉన్నది ఇదే: తను చెప్పింది నిజమని చూపించడానికి ఆమె చేతిలో ఏమీ లేదు. మోకాలు విరిగితే అందరూ చూస్తారు. విరగని మోకాలిని ఎవరికి చూపించాలి?

పెంటప్ప కనబడలేదు. చూస్తే అధికారుల బల్ల ముందు ఉన్నాడు. తల మీది టోపీ చేతిలోకి వచ్చింది. విశాల్ సర్‌తో మరాఠీలో మాట్లాడుతున్నాడు, గొంతు ఇక్కడిదాకా వినబడుతోంది. ఇరవై లెక్కపెట్టారు సరే, ఆ పిల్ల చెయ్యి కర్రకి ఎన్నిసార్లు తగిలిందో లెక్కపెట్టారా అని అడుగుతున్నాడు. మా పిల్ల దూకిన తొమ్మిదీ తగిలాయంటున్నాడు. కార్ఖానాలో షేటు గజాలు కొలిచే ముందు బట్ట విప్పి వెలుతురుకి పట్టి చూస్తాడనీ, చిల్లులున్న ఇరవై గజాలకన్నా మంచి తొమ్మిది గజాలే తీసుకుంటాడనీ చెబుతున్నాడు. దూకుళ్ల గురించి ఆయన మనసు మారిందని కాదు. ఇరవై దూకనందుకు ప్రణాలి మీదా కోపంగానే ఉన్నాడు. కానీ సరుకు చూడకుండా లెక్క కట్టడం ఆయన భరించలేని విషయం. విశాల్ సర్ కాగితాలు సర్దుకుంటూ, తనకు కావలసింది ఓర్పు అని జవాబిచ్చాడు.

ప్రణాలి సంచి భుజాన వేసుకుని సారిక దగ్గరికి వచ్చింది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే సారికకు తేలికయ్యేది.

"ఇరవై చేసేదాన్ని మేడం. నొచ్చినా చేసేదాన్ని."

"తెలుసు."

"నెల దినాలు నాకు చెప్తిరి. తాతకు చెప్తిరి. అమ్మకు చెప్తిరి. గక్కడ మీరెందుకు అరవలే?"

నియమం అని చెప్పవచ్చు. తాడు అని చెప్పవచ్చు. రెండూ నిజమే.

"భయమైంది," అంది సారిక. "నేను అరిస్తే నీ పేరు కొట్టేస్తరని."

"నేనాగితే గూడ కొట్టేసిన్రు గద."

స్టాండు దగ్గర ఎవరో స్కూటర్ తీస్తున్నారు. నమ్రత వాళ్ల నాన్న ఆమెను వెనక కూచోబెడుతున్నాడు. ఆ పిల్ల కాలు ఎత్తి సీటు దాటించడానికి రెండు చేతులతో తొడ పట్టుకుంది. ప్రణాలి అది చూసింది. సారికా చూసింది. అందులో సంతోషించడానికేమీ లేదు.

"రేపు డాక్టర్ దగ్గరికి పోదాం," అంది సారిక. "ఆయన సరేనంటేనే బుధవారం రా."

"వస్త." ప్రణాలి సంచి ఇంకో భుజానికి మార్చుకుంది. "గాని మల్ల గిట్లయితే మీరు అరవాలె మేడం. నేనొక్కదాన్నే ఎందుకు చెయ్యెత్తాలె?"

బల్ల దగ్గర పెంటప్ప ఇంకా వాదిస్తూనే ఉన్నాడు. విశాల్ సర్ లేచి నిలబడ్డాడు. వాచీ చూసుకున్నాడు. ముసలాయన ఒక్కడే ఉన్నాడక్కడ, మాట వినేవాడు లేడు.

సారిక ఆ వైపు నడిచింది. జాబితా మారదని ఆమెకు తెలుసు. నలభై మందీ ఇంకా మైదానంలోనే ఉన్నారు. ఆమె బల్ల ముందు నిలబడి, అందరికీ వినబడేలా, సర్, అని పిలిచింది.